మణికట్టు మీద నేను గీసిన మచ్చ

ఒక చిన్న గీత. గీయడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు. పుష్కరం దాటిపోయింది, దాని బరువు మాత్రం నా మీద అలాగే ఉంది. నా భార్యకు చెప్పలేదు. ఆనాటి స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడగకండి. చూశారా, ఒప్పుకుందామని కూర్చుని కూడా ముందు దాక్కునే చోటే వెతుక్కుంటున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. తార్నాక పక్కన యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ హాస్టల్లో ఉండేవాణ్ణి. బొమ్మలు వేసేవాణ్ణి. మా వాళ్ల బ్యానర్లన్నీ నా చేతి మీదుగానే పోయేవి. అది కాక ఫేస్‌బుక్‌లో పేరు పెట్టకుండా ఒక కార్టూన్ల పేజీ నడిపేవాణ్ణి. అది నాదని ఎవరికీ తెలియదు. ఆ పేజీ కోపంలోంచి పుట్టింది. సినిమాల్లో మా భాష మాట్లాడేది ఎప్పుడూ రౌడీ, లేకపోతే నవ్వించడానికి పెట్టిన పనివాడు. హాలంతా పగలబడి నవ్వుతుంటే, మా అమ్మ మాట వీళ్లకు అంత నవ్వులాటా అని ఒళ్లు మండేది. ఆ మంట అబద్ధం కాదు. ఆ మంట తెలిసినవాణ్ణే ఆ తర్వాతి పని చేశానంటే, నన్ను నేను ఏమనుకోవాలి?

ఇమ్మానుయేల్ టాంజానియా నుంచి చదువుకోవడానికి వచ్చాడు. లైబ్రరీలో పరిచయం. తెలుగు నేర్పమని వెంటపడితే నాకొచ్చిన నల్లగొండ తెలుగే నేర్పాను. "ఏంది మామా" అంటూ వచ్చేవాడు. తార్నాకలో ఒక రిటైరైన టీచరమ్మ ఇంటి మేడ మీద గదిలో అద్దెకుండేవాడు. ఆమెది గుంటూరు వైపు. చర్చిలో చూసి, తనే పిలిచి గది ఇచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక అన్నం పెట్టకుండా అతన్ని పైకి పోనిచ్చేది కాదు. అతను ఆమెను మమ్మీ అనేవాడు.

అప్పట్లో వంటా వార్పు చేసేవాళ్లం. రోడ్డు మధ్య పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లు ఆపడం. తార్నాక చౌరస్తాలో చేసిన రోజు ఇమ్మానుయేల్ కూడా వచ్చాడు. ఉద్యమం సంగతి అతనికేం తెలుసు? నేనున్నానని వచ్చాడు. చొక్కా చేతులు మడిచి గరిటె పట్టాడు. గంజి వారుస్తుంటే ఎడమ మణికట్టు మీద చిమ్మింది. నేనే నీళ్లు పోసి రుమాలు కట్టాను. టీచరమ్మ పదిరోజులు మందు రాసింది. మానిపోయింది కానీ నెలవంక లాంటి మచ్చ మిగిలింది. ఎప్పుడూ నిండు చేతుల చొక్కాలే వేసేవాడు. ఆ మచ్చ అలా మిగిలిందని నాకూ, టీచరమ్మ ఇంటివాళ్లకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆ తర్వాత ఒక రోజు మధ్యాహ్నం నా పేజీకి ఏమీ తోచలేదు. లైకులు తగ్గాయి. పెన్ను కాగితం మీద ఊరికే తిప్పుతుంటే గరిటె పట్టిన ఇమ్మానుయేల్ బొమ్మ వచ్చింది. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. నడుముకు ఆకులు కట్టాను. మెడలో ఎముకలు వేశాను. పెదవులు ఉన్నదానికి మూడింతలు చేశాను. గిన్నెలో ఒక ఆంధ్ర నాయకుణ్ణి కూర్చోబెట్టి, కింద "ఇంకో ఉడుకు రావాలె" అని రాశాను. నాలో నేనే నవ్వుకున్నాను. చివరగా, పోలిక బాగా కుదిరిందన్న గర్వంతో, మణికట్టు మీద ఆ నెలవంక గీశాను. ఎందుకు గీశాను? ఎంత బాగా గమనించానో చూడండి అని ఎవరికి చూపించుకుందామని?

సాయంత్రానికి ఆ బొమ్మ ఊరంతా తిరిగింది. హాస్టల్లో అందరూ ఒకరికొకరు చూపించుకుని పడీపడీ నవ్వారు. నేనూ అప్పుడే చూసినట్టు నవ్వాను. తార్నాకలో ఇమ్మానుయేల్ ఎటు పోయినా "ఉడికిందా అన్నా?" అని వెనక నుంచి కేకలు. టీచరమ్మ కొడుకు ఏదో ఆఫీసులో గుమస్తా. అతనే ఫోన్లో బొమ్మ చూపించి ఇది నువ్వేనా బ్రదర్ అని నవ్వాడట.

నాలుగో రోజు ఇమ్మానుయేల్ నా గదికి వచ్చాడు. మంచం మీద కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, మణికట్టు పక్కన ఫోన్ పెట్టాడు.

"మామా, గీ మచ్చ ఎవరెవరికి తెల్సు?"

నేను బల్ల మీది పెన్నులు సర్దసాగాను.

"నీకు తెల్సు. మమ్మీ ఇంటోళ్లకు తెల్సు. గంతే గదా?"

"అవ్."

"నువ్వు గీసినవా?"

"నేనెందుకు గీస్తా మామా? నీ మీద గీస్తనా నేను?"

"మరి ఎవరు?"

"ఆంధ్రోళ్ల ఇల్లు గదా," అన్నాను. "మనల్ని రాక్షసుల లెక్క చూపెట్టనీకి ఎవరితోనో గీయించి ఉంటరు."

అతను చొక్కా చెయ్యి కిందికి దించి, గుండీ పెట్టుకున్నాడు. "సరే మామా" అన్నాడు. వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా ఆ ఇల్లు ఖాళీ చేసి మెట్టుగూడలో ఎక్కడో గది తీసుకున్నాడు. నా దగ్గరికి రావడం తగ్గి, చివరికి మానేశాడు. నా మాట నమ్మాడా? లేక నిజం తెలిసీ, నన్ను దోషిని చేయడం కన్నా ఇల్లు మారడమే తేలికనుకున్నాడా? ఈ ప్రశ్న నన్ను ఇన్నేళ్లుగా పీక్కు తింటోంది. చదువు పూర్తి కాకుండానే వెళ్లిపోయాడని తర్వాత విన్నాను.

కొన్నాళ్లకు కూరగాయల బండి దగ్గర టీచరమ్మ ఎదురైంది. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. "ఆ అబ్బాయి ఎందుకెళ్లిపోయాడు బాబూ? నా ముఖం కూడా సరిగ్గా చూడలేదు. మా ఇంట్లో ఏం తక్కువైందో నీకైనా చెప్పాడా?" అంది. తెలియదండీ అన్నాను. ఆమె చేతి సంచి కూడా నేనే మోసుకెళ్లి గేటు దాకా దింపి వచ్చాను. మంచి కుర్రాడివని దీవించింది.

పేజీ తీసేశాను. బొమ్మ మాత్రం పోలేదు. ఇప్పుడు నేనొక స్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. పోయిన నెల మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో లంచ్ టైమ్ అని ఒక స్టిక్కర్ పెట్టారు. ఆ ముఖమే. ఆ చెయ్యే. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. అవును, ఇన్నేళ్లు ఏడ్చినవాణ్ణే, నేనూ పెట్టాను. తర్వాత ఫోన్ దగ్గరికి తెచ్చుకుని పెద్దది చేసి చూశాను. నెలవంక ఇంకా అక్కడే ఉంది.

ఇమ్మానుయేల్ ఎక్కడున్నాడో తెలియదు. టీచరమ్మ ఉందో లేదో తెలియదు. వెతికానని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది. క్షమించమని ఎవర్ని అడగను? అడిగే ముఖం నాకుందా? ఇది రాశాక చెయ్యి కొంచెం తేలికైంది, అంతవరకే.

అమ్మా, మీ ఇంట్లో ఏమీ తక్కువ కాలేదు. ఆ బొమ్మ గీసింది నేను.