కాటా గది వ్లాస్టా ఓటు

వ్లాస్టా కుబీచెక్ ఎన్నికల్లో నిలబడలేదు. టాబోర్ క్రీక్ ఊరే ఆమెను నిలబెట్టింది, అదీ ఆమెకు మాటమాత్రం చెప్పకుండా. స్కూలు బోర్డులో ఒక సభ్యుడు ఇల్లు అమ్ముకుని ఒమాహా వెళ్లిపోయాడు. ఆ కుర్చీకి నామినేషన్ వేసే గడువు దాటిపోయినా ఒక్కరూ ముందుకు రాలేదు. స్కూలు బోర్డంటే జీతం లేకుండా తిట్లు తినే ఉద్యోగం. అలాంటప్పుడు నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక వెసులుబాటు ఉంది. ఓటు కాగితం మీద ఒక ఖాళీ గీత ఉంటుంది, దాని మీద ఎవరి పేరైనా రాయొచ్చు. నవంబరులో ఆ మంగళవారం ఊళ్లో చాలామంది ఆ గీత మీద ఆమె పేరు రాసి, నోరు మూసుకుని ఇంటికి వెళ్లారు. సంగతి ఆమెకు మర్నాడు పొద్దున కాఫీ హోటల్లో తెలిసింది.

"ఏమే మెంబరుగారూ, ఇవాళ కాఫీలు నీవేనా?" అన్నాడు ఆమె అన్న లూమిర్ హ్రోమాద్కా.

"ఏం మెంబరు?"

"స్కూలు బోర్డు మెంబరువి. మేమే రాశాం నీ పేరు. ముందే చెబితే వద్దంటావుగా!"

బల్ల చుట్టూ ఉన్న రైతులంతా నవ్వారు. పాచికలున్న తోలు గ్లాసు ఆమె ముందుకు తోశారు. ఆ హోటల్లో రోజూ పాచికలు వేసి ఎవరు ఓడితే వాళ్లు కాఫీ డబ్బులు ఇవ్వాలి. వ్లాస్టా వేసింది, ఓడింది. అది శుభశకునమే అన్నారు వాళ్లు.

ఊరు ఆమెనే ఎందుకు ఎంచుకుందో చెప్పాలంటే ఆమె ఉద్యోగం సంగతి చెప్పాలి. ధాన్యం గాదెల దగ్గర లారీ కాటా గదిలో ఆమె పెళ్లికి ముందు చేరింది, భర్త పోయాక కూడా అక్కడే ఉంది. మొక్కజొన్న కోతలప్పుడు లారీలు రోడ్డు దాకా బారులు తీరతాయి. వంతు వచ్చే దాకా రైతు ఆమె కిటికీకి ఆనుకుని నిలబడి వానని తిడతాడు, ప్రభుత్వాన్ని తిడతాడు, అల్లుణ్ణి తిడతాడు. వ్లాస్టా తూకం చూస్తూ తల ఊపేది. మరీ గట్టిగా అడిగితే "కావచ్చు" అనేది. మా వైపు ఎదుటి మనిషి ముఖాన "నువ్వన్నది తప్పు" అనడమూ, అతని కుక్కని తన్నడమూ ఒకటే. అందుకే ఎదురు చెప్పని మనిషిని మర్యాదస్తురాలంటారు. ఆమె తల ఊపడం మర్యాదో, ఒప్పుకోవడమో తేల్చుకునే అవసరం ఇన్నేళ్లలో ఎవరికీ పడలేదు. కిటికీ వదిలి వెళ్లేటప్పుడు ప్రతివాడూ వ్లాస్టా తన మనిషే అనుకుంటూ వెళ్లాడు.

ఇప్పుడు ఊరికి కావలసింది సరిగ్గా అలాంటి మనిషే. టాబోర్ క్రీక్ హైస్కూలును కెస్లర్ ఊరి హైస్కూల్లో కలిపేయాలని బోర్డు ముందుకు తీర్మానం వచ్చింది. ఆరుగురు సభ్యుల్లో ముగ్గురు కలపాలంటున్నారు, ఇద్దరు వద్దంటున్నారు. సరిసమానం అయితే తీర్మానం వీగిపోతుంది. అంటే బడి నిలబడాలంటే ఇంకొక్క 'వద్దు' చాలు. ఆ 'వద్దు' కోసమే ఆమెను కూర్చోబెట్టారు.

ఈ ఊళ్లో బళ్ల చరిత్రంతా మూతపడటాల చరిత్రే. యూరప్‌లోని బొహీమియా నుంచి వచ్చిన తాతలు చర్చి కట్టకముందే బళ్లు కట్టారు. నడిచి వెళ్లగలిగినంత దూరానికి ఒక్కో గది బడి, దానికి ముగ్గురు పెద్దమనుషులు. పొయ్యిలోకి బొగ్గు ఎవరు తేవాలి, పంతులమ్మ ఎవరింట్లో ఉండాలి, ఇంట్లో చెక్ భాష మాట్లాడే పిల్లల్ని ఇంగ్లీషులో మాట్లాడనందుకు కొట్టవచ్చా, కూడదా, ఇవన్నీ వాళ్లే తేల్చేవారు. తర్వాత రాష్ట్రం వాళ్లు వచ్చి ఈ చిన్న బళ్లన్నీ మూసి ఊళ్లో ఒక్కటే పెద్ద బడి పెట్టమన్నారు. వ్లాస్టా చదువుకున్న గది బడిని పొరుగు రైతు కొనుక్కుని ఓట్లు పోసుకున్నాడు. అంటే గుర్రాలకు పెట్టే ఓట్స్ గింజలు లెండి, బోర్డు ఎన్నికల ఓట్లు కావు. ఊళ్లో ఎర్ర ఇటుకల భవనం లేచింది. దానికి బాస్కెట్‌బాల్ హాలు వచ్చింది. ఒక ఏడు టాబోర్ క్రీక్ జట్టు కెస్లర్‌ని ఓడించి రాష్ట్ర పోటీలకు వెళ్లింది. ఆ జట్టు ఫోటో ఇప్పటికీ వరండాలో ఉంది. కింది వరుసలో మోకాళ్ల మీద కూర్చున్న పొడుగు చెవుల కుర్రాడే లూమిర్.

కెస్లర్ జర్మన్ల ఊరు. పొలాలూ అవే, చలీ అదే, పందిమాంసం కూరా అదే. అయినా లూమిర్ ఆ ఊళ్లో ట్రాక్టరుకు నట్టు కూడా కొనడు. "వాళ్లింటి వాకిట్లో మన పిల్లలు చేతులు కట్టుకు నిలబడాలా? నువ్వే చెప్పు," అని ప్రతి పొద్దునా అడిగేవాడు. అన్నా చెల్లెలూ ఇద్దరూ తోడు పోయినవాళ్లే. లూమిర్ భార్య ఐరీన్ జబ్బుపడి ఇంట్లోనే పోయింది. అందుకని రోజు మొదలయ్యేది ఆ కాఫీ బల్ల దగ్గరే. వ్లాస్టా గసగసాలు పెట్టిన కొలాచీ రొట్టె విరుచుకు తింటూ తల ఊపేది. ఆమెకు ప్రపంచంలో మిగిలిన దగ్గరి మనిషి అతనొక్కడే.

లూమిర్ మనవరాలు కారా సాయంత్రాలు కాటా గదికి వచ్చి కూర్చునేది. తాత ట్రక్కులో వచ్చి తీసుకెళ్లే దాకా అక్కడే హోంవర్కు. ఆ పిల్ల పశువుల డాక్టరు కావాలనుకుంటోంది. బళ్లో కెమిస్ట్రీ చెప్పే మనిషి మానేశాక ఇంకొకరు దొరకలేదు. ఇంకెక్కడో ఊళ్లో చెప్పే పాఠాన్ని టీవీలో చూపిస్తున్నారు.

"ఇవాళేం చెప్పారే?" అంది వ్లాస్టా.

"ఏం చెప్పలేదు మామ్మా. బొమ్మ ఆగిపోయింది. ఆయన గాజు గొట్టం పైకెత్తి పట్టుకుని బెల్లు కొట్టేదాకా అలాగే నిలబడ్డాడు. మేం ఆయన ముక్కు బొమ్మ వేసుకున్నాం."

వ్లాస్టా నవ్వింది. కారా నవ్వలేదు.

"కెస్లర్‌లో నిజంగా ల్యాబ్ ఉందట. కప్పల్ని కోస్తారట. తాతతో అనకు, చంపేస్తాడు."

వ్లాస్టా అననంది. అన్నతో అనకుండా ఉండటం ఆమెకు కొత్త కాదు. కానీ ఆ రాత్రి పడుకోబోతూ ఆమె మొదటిసారి భయపడింది. కలపడమే మంచిదని ఆమెకు చాలాకాలంగా తెలుసు. నలుగురు ఆడపిల్లలతో వాలీబాల్ జట్టు కాదు, టీవీతో కెమిస్ట్రీ రాదు. ఇన్నాళ్లూ ఆ సంగతి తెలిసి కూడా ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు అందరి ముందూ చెప్పాలి, లూమిర్ ముందు చెప్పాలి. చెబితే పొద్దుటి కాఫీ ఉండదు, అన్న ఉండడు.

సమావేశం బాస్కెట్‌బాల్ హాల్లోనే పెట్టారు. మనిషికి మూడు నిమిషాలు. అధ్యక్షుడు డ్వేన్ స్టెహ్లిక్ చేతిలో వంటింట్లో వాడే అలారం గడియారం. దాన్ని వాళ్లావిడ బిస్కెట్లు కాల్చేటప్పుడు వాడుకుంటుంది. ఒకాయన చనిపోయిన తన కొడుకు పేరు మీద ఉన్న స్కోరుబోర్డు ఏమవుతుందని అడిగాడు. డ్వేన్ చేతిలో అలారం మోగింది. లూమిర్ చొక్కా గుండీ పైదాకా పెట్టుకుని వచ్చాడు. మాట్లాడటం మొదలుపెట్టి, సగంలో ఆపి, బోర్డు బల్ల వైపు చూసి నవ్వాడు.

"నా మిగతా టైము అక్కర్లేదు డ్వేన్. మా చెల్లెలు అక్కడ కూచుంది."

చప్పట్లు కొట్టారు. వ్లాస్టా చేతులు బల్ల కింద పెట్టుకుంది.

కొత్త సభ్యురాలు కనక ఆమె పేరు చివర పిలిచారు. అప్పటికి ముగ్గురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు.

"కుబీచెక్?" అన్నాడు డ్వేన్, అప్పుడే కాగితాలు సర్దుకుంటూ.

"అవును," అంది వ్లాస్టా.

"అంటే... వద్దనేగా?"

"కలపాలని, డ్వేన్. నా ఓటు కలపాలని."

ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు తేలికయ్యేది. జనం లేచి, కూర్చున్న కుర్చీలు ఎవరివి వాళ్లు మడిచి గోడకు ఆనించి, చెత్త కూడా ఏరి వెళ్లారు. లూమిర్ తన కుర్చీతోపాటు పక్కవాళ్లదీ మడిచాడు. ఆమె వైపు చూడలేదు.

మర్నాడు ఆమె హోటల్‌కు వెళ్లి తన చోటులోనే కూర్చుంది. పాచికల గ్లాసు ఆమె దగ్గరి దాకా వచ్చి, ఆమె మీదుగా పక్కవాడికి వెళ్లింది. లూమిర్ కిటికీ దగ్గరి బల్లకు మారాడు. ఆ చలికాలమంతా ఆమె వెళ్లడం మానలేదు, తన కాఫీ డబ్బులు తనే ఇచ్చుకుంది. కాటా గది కిటికీ దగ్గర రైతులు బూట్లు చూసుకుంటూ నిలబడేవారు. ఆ నిశ్శబ్దంలో ఆమెకు ఒక విషయం తోచింది. వీళ్లలో ఎవరూ ఇన్నేళ్లూ తనతో మాట్లాడలేదు, తన కిటికీతో మాట్లాడారు. ఆ ఆలోచనకు ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది.

ఈలోగా రెండు బోర్డులూ కూర్చుని కొత్త బడి పేరు మీద కొట్టుకున్నాయి. తర్వాత రంగు మీద కొట్టుకున్నాయి. మాది ఆకుపచ్చ, వాళ్లది ఎరుపు. పిల్లల్నే ఓటెయ్యమంటే ఊదా రంగు అన్నారు. పెద్దవాళ్లు రెండు ఊళ్లలోనూ ఒకేలా ముఖాలు చిట్లించారు. కలిసి చేసిన మొదటి పని అదే.

మార్చిలో ఒక సాయంత్రం లూమిర్ కాటా గదికి వచ్చాడు. ట్రక్కు ఖాళీ, తూచడానికేమీ లేదు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కారా చెప్పింది. గాజు గొట్టం గోలంతా."

"ఊఁ."

"ఓటు సంగతి అడగడానికి రాలేదు. వేశావు, అయిపోయింది." టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "నాకు నిద్ర పట్టనిది ఇంకోటి. రోజూ పొద్దున్నే నీ ఎదురుగా కూచుని వాగుతాను కదా. నువ్వు తలూపుతావు. ఇన్నేళ్లు. అంటే నేనొక్కణ్ణే మాట్లాడుకుంటున్నానన్నమాట."

జన్మంతా తను మర్యాద అనుకున్నది అన్నని ఒంటరిగా వదిలేయడమని వ్లాస్టాకు అప్పుడు అర్థమైంది.

"ఇంకా ఏవున్నాయే?" అన్నాడు లూమిర్.

"ఏంటి?"

"నేనన్నవాటిల్లో. నీకు తప్పనిపించి, చెప్పనివి."

"చాలా ఉన్నాయి."

"అన్నిటికంటే పెద్దది చెప్పు."

ఆమె కిటికీ మూసింది. రెండో కుర్చీ లాగి అతని వైపు తోసింది. అతను కూర్చునే దాకా ఆగింది.

"వదినని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది," అంది. "రోజూ పొద్దున్నే వచ్చి ఇవాళ ఐరీన్‌కి తేలిగ్గా ఉంది అనేవాడివి. నేను మీ ఇంటికొచ్చి చూసి వెళ్లేదాన్ని. తేలిగ్గా లేదు లూమిర్. నాకు తెలుసు. అయినా తలూపాను."

లూమిర్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నాకూ తెలుసు," అన్నాడు. "నువ్వు అంటావేమోనని చూశాను. నువ్వు ఆ మాట అని ఉంటే తీసుకెళ్లేవాణ్ణి."