కంట్లో ఇనుము, ఎదురుగా ఎమ్మారై

1998లో మా ఆసుపత్రికి ఎమ్మారై మెషిన్ వచ్చింది. అప్పుడు నేను విశాఖలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. దాన్ని లోపలికి దించడానికి గోడ పగలగొట్టి, క్రేన్ తెప్పించారు. శిక్షణయ్యాక మొదటిసారి తెరమీద మెదడు పొరలు పొరలుగా కనిపిస్తే ఒళ్ళు పులకరించింది. అన్నాళ్ళూ ఎముకలు తప్ప చూడనివాడిని మరి! ఇంట్లో భోజనాల దగ్గరా అదే మాట. "ముందు అన్నం తినండి, మీ మెషిన్ ఎక్కడికీ పోదు" అని మా ఆవిడ విసుక్కునేది.

ఎమ్మారై అంటే ప్రధానంగా ఓ పెద్ద అయస్కాంతం. రాత్రీ పగలూ దాని లాగుడు ఆగదు. అందుకే ముందుగా స్క్రీనింగ్ చేస్తాం. అంటే ఒంట్లో ఎక్కడైనా ఇనుముందేమో అడిగి తెలుసుకోవడం. అది నా బాధ్యతే.

అప్పలరాజు మల్కాపురం దగ్గర ఒక షెడ్డులో ఇనుము అరగదీసే గ్రైండింగ్ పని చేసేవాడు. తలనొప్పి వదలడం లేదని డాక్టరుగారు మెదడు స్కాన్ రాశారు. మెషిన్ ఎక్కించే ఆత్రంలో గబగబా అడిగేశాను.

"పేస్‌మేకరుందా? ఆపరేషన్లయ్యాయా? ఒంట్లో రాడ్లు, ప్లేట్లు ఉన్నాయా?"

"ఏటీ నేవు బాబూ. సూదంటేనే నాకు బయం."

"దెబ్బలేమైనా తగిలాయా?"

"నేదు బాబూ."

అతనిది గ్రైండింగ్ పని అని తెలిసి కూడా మరో ప్రశ్న వెయ్యలేదు. టేబుల్ మీద పడుకోబెట్టి కంట్రోలు గదిలోకి వచ్చాను. అక్కడ అతని బావమరిది సత్తిబాబు అద్దంలోంచి చూస్తున్నాడు. అదే షెడ్డులో వెల్డరు.

"ఇది నిజంగా అయస్కాంతమేనేటి సార్?"

"ఇనుప కుర్చీనైనా లాగేస్తుంది" అన్నాను గొప్పగా.

"అయితే మా బావ కంట్లో ఇనప రజనంతా ఊడొచ్చేత్తాది! ఆ కళ్ళలోంచి నాను తీసిందంతా పోగేత్తే ఓ మేకవుద్ది."

టేబుల్‌ని మెషిన్‌లోకి పంపే బటన్ మీద వేలు అలాగే ఆగిపోయింది.

"కంట్లోంచి నువ్వు తీస్తావా?"

"మరేటి సేత్తాం? తువ్వాలు కొసతో తీసేత్తాం. అదీ ఓ దెబ్బేనేటి సార్!"

లోపలికి వెళ్ళి, తల కదపవద్దని చెప్పి, అప్పలరాజును మెల్లగా గది బయటికి తెచ్చాను. కళ్ళకు ఎక్స్‌రే తీస్తే కుడివైపు ఆవగింజలో సగమంత తెల్లటి చుక్క. అది కనుగుడ్డు లోపలే ఉందనీ, మెషిన్‌లోకి వెళ్ళుంటే కదిలి చూపు పోగొట్టేదనీ కంటి డాక్టరుగారు చెప్పారు. దానివల్లే కంట్లో ఒత్తిడి పెరిగిందట. తలనొప్పికి కారణమూ అదే.

ఆపరేషన్ చూడటానికి అనుమతి అడిగి థియేటర్లో నిలబడ్డాను. పెన్నంత అయస్కాంతం మొన కంట్లోకి పోనిచ్చారు. మైక్రోస్కోపుకు తగిలించిన తెరమీద ఆ నల్లటి రవ్వ చటుక్కున ఎగిరి మొనకు అతుక్కుంది. నాకు ఈల వెయ్యాలనిపించింది! చూపు దక్కింది.

నేనే పసిగట్టానని ఆసుపత్రిలో అంతా మెచ్చుకున్నారు. కొన్నాళ్ళు ఆ మెప్పు కాదనలేదు. పసిగట్టింది నేను కాదు. సత్తిబాబు హాస్యమాడకపోతే నేను బటన్ నొక్కేసేవాణ్ణే. అప్పలరాజు అబద్ధమాడలేదు. పనిలో రోజూ జరిగేదాన్ని వాళ్ళు దెబ్బల్లో జమ కట్టరు. అది తెలుసుకోవలసింది నేను.

ఆ తర్వాత ఇంకా గొప్ప మెషిన్లు వచ్చాయి. కొత్తది వచ్చినప్పుడల్లా అదే ఉత్సాహం. కానీ ఇప్పుడు రోగి పక్కన కూర్చుని, "మీ పని ఎలా ఉంటుందో చెప్పండి" అని మొదలుపెడతాను. చెప్పడం పూర్తయ్యేదాకా లేవను.