ప్రెస్సు పక్కన శ్రుతి గది

డోన్ రోడ్డులోని హార్మోనియం ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరిన మొదటి ఏడాదే నేను షెడ్డంతా మార్చేశాను. స్వరం పలికే ఇత్తడి రేకులను, అంటే రీడ్లను, కొట్టే ప్రెస్సు ఒక కొసన ఉంటే, వాటికి శ్రుతి చేసే గది ఇంకో కొసన ఉండేది. ట్రేలు మోసుకుంటూ ఆడవాళ్లు రోజంతా అటూ ఇటూ నడిచేవాళ్లు. ప్రెస్సును ఆ గది పక్కకు జరిపితే నడక తప్పుతుందని కాగితం మీద గీసి చూపించాను. యజమాని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ సంగతి ఇంటికెళ్లి అమ్మకు రెండుసార్లు చెప్పుకున్నాను.

శ్రుతి గదిలో కూర్చునేది ఒక్కరే. కర్నూలు పాతబస్తీ నుంచి బస్సులో వచ్చే పెద్దాయన. అందరం చాచా అనేవాళ్లం. రీడు పలికించి, విని, సన్నటి ఆకురాయితో గీకేవాడు. కొసన గీకితే స్వరం పెరుగుతుందనీ, మొదట్లో గీకితే దిగుతుందనీ నాకు చెప్పింది ఆయనే. కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ప్రెస్సు జరిపిన మరుసటి రోజే నా దగ్గరికి వచ్చాడు.

"ఇంజనీరమ్మా, ఆ దడదడలో స్వరం యాడుండాదో దొరకడం లేదు. దాన్ని రోంత దూరం జరిపియ్యమ్మా."

"మధ్యలో మందంగా చెక్క గోడ కట్టిస్తా చాచా. ఒక్క నెల ఓర్చుకో."

"నువ్వు చెప్పినాక ఇంగేముండాదిలే."

గోడ రాలేదు. మొదట చెక్క దొరకలేదు, తర్వాత ఆర్డర్లు పెరిగాయి, ఆ తర్వాత నేనే మరిచిపోయాను. ఆయన మళ్లీ అడగలేదు. భోజనాల వేళ ప్రెస్సు ఆగేది. అందరూ బయట నీడలో క్యారియర్లు విప్పుతుంటే ఆయన గదిలోంచి స్వరాలు వినిపించేవి. పని మీద ప్రేమ అనుకున్నాను.

నాలుగో ఏడు అమ్మిన హార్మోనియం పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. కోడుమూరు నుంచి వచ్చిన ఒక భజన గురువు తన పెట్టెను నా టేబుల్ మీదే వాయించి చూపించాడు.

"కింద శానా బాగుండాది మేడమ్. పైకి పోయేకొద్దీ ఏడుస్తాండాది."

శ్రుతి చూపే మీటరు పెట్టి చూశాను. పై స్వరాలన్నీ తప్పు. తిరిగొచ్చిన ప్రతి పెట్టెలోనూ అంతే.

చాచా గదికి వెళ్లాను. బల్ల మీదికి వంగి, రీడు పలికించే పెట్టెకు దవడ ఆనించి, దాని అదురు పట్టుకోవడానికన్నట్టు కళ్లు మూసుకుని ఉన్నాడు. పిలిచాను. పలకలేదు. భుజం తట్టాను.

"ఎన్నాళ్ల నుంచి చాచా?"

రెండుసార్లు అడిగాక అర్థమైంది ఆయనకు.

"రెండేండ్లాయ. మొదట్లో పై స్వరం పిట్ట కూత మాదిరి దూరంగా వినపడ్తాండె. ఇప్పుడు అదీ లేదు. చెప్తే పని తీసేస్తారని చెప్పలేదమ్మా. తప్పు నాదే."

కాదని అప్పుడే అనాల్సింది. అనలేదు.

కర్నూలులో పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. చప్పుడు వల్ల పోయిన వినికిడి తిరిగి రాదన్నాడు డాక్టరు. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు వినపడతాయి కానీ శ్రుతి చేయడం కష్టమన్నాడు. పెట్టెలు తిరిగొచ్చిన కారణం యజమాని రాసివ్వమంటే, ప్రెస్సు చప్పుడుకు చాచా వినికిడి పోయిందని ఉన్నది ఉన్నట్టు రాశాను. చదివి కాగితం నాకే తిరిగిచ్చాడు.

"ఇట్ల రాస్తే ఎట్లమ్మా? వయసు మీద పడి వినపడలేదని రాయి."

అలాగే రాశాను. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది. ఆ నెలాఖరుకు చాచా మానేశాడు. తర్వాత వారంలోనే గోడ లేచింది.

రెండు నెలలు ఆగి, ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య నాకు కుర్చీ వేసి, టీ పెట్టడానికి లేచింది. ప్రెస్సు అక్కడ పెట్టింది నేనేనని, కారణం అబద్ధం రాసింది కూడా నేనేనని చెప్పాను. ఆయనకు వినపడలేదు. గట్టిగా చెప్పాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఇంకా ముందుకు వంగాడు. ఆఖరికి వీధిలోకి వినపడేలా అరిచాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని, "పనిలో అట్లాంటివి అవుతాయిలేమ్మా. టీ తాగు" అన్నాడు.

ఏం విన్నాడో, ఎంత విన్నాడో నాకు తెలియదు. స్టవ్ దగ్గర ఆయన భార్య మాత్రం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నేనింకా అక్కడే పనిచేస్తున్నాను. అప్పుడప్పుడూ వాళ్లింటికి వెళ్తాను. ఆయన ప్రతిసారీ నవ్వుతూ పలకరిస్తాడు. ఆమె టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోతుంది.