తీగ మీద లేని ఉత్తరాలు

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరిచే వేళకి నేను చేరుకుంటాను. మొన్నటి ఆదివారానికి ముందురోజు వాన పడ్డట్టుంది, ప్లాస్టిక్ పట్టా ఎత్తగానే తడిసిన కాగితం వాసన గుప్పుమంది. యాదగిరిగారి ముందుగది వాసన అది. నేను వెతికేది కూడా దొరికింది: నేను రాసిన పుస్తకమే. కొనుక్కుని, పక్కనున్న మెట్టు మీద కూర్చుని, నూట పన్నెండో పేజీలో ఒక వాక్యం కొట్టేసి పైన ఇంకోటి రాసి, పుస్తకం మళ్లీ ఆ అమ్మేవాడికే ఇచ్చేశాను. నాకు కొంచెం తిక్క ఉందని అతను ఎప్పుడో తేల్చేసుకున్నాడు. ఇలా దిద్దిన ప్రతుల్లో ఇది పదకొండోది.

చాలా ఏళ్ల కిందట ఒక కవి జీవితం మీద పరిశోధన మొదలుపెట్టాను. ఆయన కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని, ఆరేళ్లుండి బదిలీ మీద వెళ్లిపోయారు. పక్క గదిలో ఉండేవారు యాదగిరిగారు. తపాలా ఆఫీసులో ఊళ్ల వారీగా ఉత్తరాలు వేరుచేసే పని ఆయనది. చదువు ఏడో తరగతి. ఆ ఇద్దరి మధ్యా ముప్పై ఏళ్లపాటు ఉత్తరాలు నడిచాయి. నేను వెతుక్కుంటూ వెళ్లేసరికి కవి లేరు. యాదగిరిగారు రిటైరై అదే ఇంట్లో ఉన్నారు. గోడకి ఒక వంచిన ఇనుప తీగ, దానికి వరసగా గుచ్చిన కార్డులు, ప్రతి కార్డు మధ్యలో తుప్పు మరకతో ఒక చిల్లు.

మొదటి రోజే నా తొందర చూసి ఆయన నా చేతిలో కార్డు తిప్పి పెట్టారు. ముందు చిరునామా వైపు చదవమన్నారు.

"రాసిన తారీకు మనిషి ఏస్తడు, ముద్ర తారీకు ఆఫీసు ఏస్తది. రెండిటి నడుమ ఎన్ని దినాలు జేబుల పెట్టుకొని తిరిగిండో గది చూడాలె బిడ్డా."

నా గైడు మూడేళ్లలో చెప్పని సంగతి అది. ఆ లెక్కన చూస్తే, కోపంగా రాసిన ఉత్తరాలు ఆ రోజే డబ్బాలో పడ్డాయి. క్షమించమని రాసినవి నాలుగైదు రోజులు ఆగాయి. కవి నాకు అప్పుడు మనిషిగా కనబడ్డాడు. వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని. ఆయన చాయ్ పెట్టేవారు, నేను ఎత్తి రాసుకునేదాన్ని.

తీగ మీద ఒకచోట పద్నాలుగు నెలలు ఖాళీ. దానికి ముందు కార్డులో కవి, తన కొత్త పద్యం బాగాలేదన్నందుకు యాదగిరిగారి మీద చిందులు తొక్కారు. తర్వాతి కార్డు పద్నాలుగు నెలలకి, ఎంతో మెత్తగా ఉంది. ఇంకేం కావాలి నాకు? మాటా మాటా పెరిగి స్నేహం తెగిపోయిందని రాసేశాను. అడిగితే ముసలాయన నొచ్చుకుంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. అంత అందంగా కుదిరిన ఊహ ఎక్కడ అబద్ధమైపోతుందోనని భయం. పుస్తకం అచ్చయ్యింది. మొదటి ప్రతి, ఒక మిఠాయి డబ్బా పట్టుకుని నాంపల్లి వెళ్లాను.

వారం తర్వాత మళ్లీ వెళితే పుస్తకం నూట పన్నెండో పేజీ దగ్గర తెరిచి ఉంది, మీద భూతద్దం. ఆయన చాయ్ పోసి ఇచ్చారు. తర్వాత ఆ వాక్యం మీద వేలు పెట్టి, ఇది ఎవరు చెప్పారని అడిగారు. ఆ నెలల ఉత్తరాలు లేవు కదా అన్నాను.

"ఆయన బిడ్డ పోయింది గప్పుడు. ఏడేండ్ల పిల్ల. చావు కబురు ఇంట్ల ఉంచుతమా? వాకిట్ల నిలవడి చదివిన, చింపిన. ఏడాది మాసికం ఎల్లేదాక ఆయన రాసిన ప్రతి కార్డుల ఆ పిల్లనే ఉన్నది, అన్ని గట్లనే చింపిన. గా ఏడు రాసినన్ని ఉత్తరాలు ఎన్నడు రాయలే."

మా అమ్మమ్మ కూడా అలాంటి కార్డు గడప దాటనిచ్చేది కాదు. చిన్నప్పటి నుంచి చూసిన ఆచారం, ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదు. ఆయన గొంతు పెంచలేదు.

"గోడకున్నయి అన్ని చదివినవ్. నేను ఈడనే కూసున్న గద. నన్ను అడుగకపోతివి."

రెండో ముద్రణలో దిద్దుతానని మాటిచ్చాను. మొదటి ముద్రణే అమ్ముడుపోని పుస్తకానికి రెండోది ఎక్కడిది? ఆ తర్వాత కూడా నాలుగేళ్లు వెళ్లాను. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇప్పుడు నా విద్యార్థులు కాగితాల కట్టలు పట్టుకొస్తే, ఈ మనుషుల్లో బతికున్నది ఎవరని ముందు అడుగుతాను.

ఒక మధ్యాహ్నం మా ఇంటికి కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు, పిన్‌కోడ్‌లో ఏ అంకెకి ఆ అంకె విడిగా. యాదగిరిగారి చేతిరాత. ఒకే ఊళ్లో ఉంటాం కనక ఆయన నాకు ఎప్పుడూ రాయలేదు. సంతోషంతో ఆయన చెప్పినట్టే ముందు ముద్ర చూసి, అప్పుడు తిప్పాను. వెనక ఆయన కొడుకు రాత, రెండు వాక్యాలు. కబురు అందాల్సిన వాళ్ల చిరునామాలు ఆయన ముందే కార్డుల మీద రాసి పెట్టెలో పెట్టుకున్నారట. రాసిన తారీకుకీ ముద్రకీ మధ్య మూడు రోజులు. కొడుకు కూడా జేబులో పెట్టుకుని తిరిగాడు.

ఉత్తరాలు దాచడమే నా పని. ఆయన చేత్తో నా పేరు రాసిన కాగితం అదొక్కటే. వాకిట్లో ఎండలో చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను.

రేపు ఎవరైనా నా కాగితాలు వెతికితే, యాదగిరి అనే మనిషి నాకు ఉత్తరమే రాయలేదనుకుంటారు. అడగడానికి అప్పుడు నేను ఉండను. అందుకే ఇక్కడ చెబుతున్నాను. ఒకటి రాశారు. వాకిట్లో నిలబడి చదివాను, చింపేశాను.