పెట్టె మూతకి ఎర్రపూల కాయితం

బందరు గోడలకి ఉప్పు పడుతుంది. ఎన్నిసార్లు సున్నం వేయించినా ఏడాది తిరక్కుండా పొక్కులు లేచి పెళ్లలు రాలిపోతాయి. మా నాన్నగారు కోర్టులో గుమాస్తా. వచ్చేపోయేవాళ్ల ముందు ఆ గోడ నామోషీగా ఉందని, ఒక శ్రావణమాసంలో ఎర్రపూల రంగుకాయితం కొనుక్కొచ్చి ముందుగదిలో తనే అంటించారు. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపారు. పైనుంచి కిందికి గుడ్డ ఉండతో అదుముతూ, బుడగ కనిపిస్తే సూదితో పొడుస్తూ, కోర్టులో ఎవరి మీదా చూపించలేని అధికారమంతా ఆ గోడ మీద చూపించారు. కొన్ని ముక్కలు మిగిలాయి. వాటిలో పెద్దది నేను దాచుకున్నాను. అప్పుడు నాకు పదేళ్లు.

మా మేనత్త మా ఇంట్లోనే ఉండేది. ఎనిమిదో ఏట మా తాతగారు ఆవిడకి పెళ్లి చేశారు. పదకొండో ఏట మొగుడు పోయాడు. ఈడు రాగానే మంగలిని పిలిపించి జుట్టు తీయించిందీ తాతగారే. ముప్పై ఏళ్లుగా ఆవిడ చోటు మడివంట చేసే పొయ్యి ముందు. ఆవిడ మడి మీద మా నానమ్మకి నమ్మకం ఉన్నంతకాలమే ఆ చోటు. నానమ్మ ఆవిడకి సొంత తల్లే, అయినా అంతే.

అత్తయ్యకంటూ ఉన్నది ఒక చిన్న చెక్కపెట్టె. ముసురు పట్టి నూలుబట్టలు ఆరని రోజుల్లో మడికి కట్టుకోవడానికి అందులో ఒక తెల్ల పట్టుబట్ట ఉండేది. లోపలంతా నల్లటి చెక్క, బొద్దింకల వాసన. ముందుగదికి ఎర్రపూలు, ఆవిడ పెట్టెకి ఇదా అని నాకు ఒళ్లు మండింది. నాన్నగారు కాచిన జిగురు అప్పటికే అయిపోయింది. నా కంచంలో మిగిలిన మెతుకులు వేళ్లతో మెదిపి, అత్తయ్య నూతి దగ్గర ఉండగా, మూత లోపలివైపు కాయితం అంటించేశాను. నాన్నగారిలాగే గుడ్డతో అదిమాను కూడా. మూత తీసి ఆవిడ నవ్వుతుందని నా ఆశ.

మా ఇళ్లల్లో అన్నం తగిలిందల్లా అంటు. తడిపి ఆరేస్తేగాని మడికి పనికిరాదు. అందులోనూ అవి నా ఎంగిలి మెతుకులు. ఈ సంగతి నాకు తెలియక కాదు. మెదిపాక అది నా కంటికి అన్నంలా కనిపించలేదు, జిగురులా కనిపించింది.

నాలుగోనాడు తాతగారి తద్దినం. వాన తెరిపివ్వలేదు. అత్తయ్య పట్టుబట్ట కట్టుకుని వంటంతా చేసింది. తాతగారి పేరిట కూర్చున్న భోక్తలు తిని, తృప్తి అయిందని చెప్పి వెళ్లారు. అప్పుడు నానమ్మ అత్తయ్య వీపు మీద గులాబిరంగు మరక చూసింది. పెట్టె చిన్నది కావడంతో మూత బట్టకి ఆనుకుని ఉండేది. చెమ్మకి కాయితం రంగు దిగింది. నానమ్మ వెళ్లి మూత ఎత్తి, కాయితం అంచున ఎండిన మెతుకుని గోటితో గీకి చూసింది.

"ఇదెవరంటించారే?"

నేను స్తంభం వెనకాల ఉన్నాను. అత్తయ్య నా వైపు చూడలేదు.

"నేనేనమ్మా."

"ముండమోసినదానికి ఎర్రపూలు కావలసొచ్చాయా? అంటుకూడు పెట్టావు గదే ఆయనకి. నోరెండిపోయి వెళ్లుంటాడు."

నానమ్మ అరవలేదు, మామూలుగానే అంది. నాన్నగారు కండువా సర్దుకుంటూ నుంచున్నారు. సొంత అక్క గురించి ఒక్క మాట ఆయన నోట రాలేదు. నా నోటా రాలేదు. ఆ కోపం నాకు ఆయన మీదా, నా మీదా ఇప్పటికీ ఉంది.

నాగాయలంక దగ్గర ఒక పల్లెలో దూరపు చుట్టం ఒకాయన మంచాన పడి ఉన్నాడు, చేసేవాళ్లు లేరు. వారం తిరక్కుండా అత్తయ్యని అక్కడికి పంపేశారు. నేను పట్టుపట్టి ఏటి రేవు దాకా బండిలో వెళ్లాను. నాన్నగారు పడవవాడితో మాట్లాడుతుంటే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"అంటించింది నేనే అత్తయ్యా. నానమ్మతో చెప్పేస్తాను. నిన్ను మళ్లీ తీసుకొచ్చేస్తారు."

"నువ్వేనని తెలుసులే. ఆ సాయంత్రమే చూశాను. మెతుకులూ చూశాను."

"మరి పీకెయ్యలేదేం?"

"బుద్ధి కాలేదే. పనేమీ లేకపోయినా వెళ్లి మూత ఎత్తి చూసుకునేదాన్ని."

"పోనీ, తద్దినం నాడు ఆ బట్ట కట్టుకోకుండా ఉండాల్సింది."

అత్తయ్య ఏటి వైపు చూస్తూ, గొంతు తగ్గించి చెప్పింది. "పొయ్యి దగ్గర వేసిన నూలుబట్ట ఆ పొద్దుటికి ఆరే ఉంది. అయినా పట్టుబట్టే కట్టుకున్నాను. మా నాన్న రాసిపెట్టిన కూడు నేను ముప్పై ఏళ్లుగా తింటున్నాను. నా చేతి అంటుకూడు ఆయన ఒక్కపూట తింటే ఏం పోయింది? నువ్వేం చెప్పక్కర్లేదు. ఇందులో నీ తప్పు లేదు."

పడవ ఎక్కి కూర్చుంది. నాన్నగారు తిరుగుదారంతా కళ్లు తుడుచుకున్నారు. నేను ఏడవలేదు. ఆవిడ మాటలకి నాకు భయం వేసింది. ఆ భయం పోయి సంతోషం వేయడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పుడు వెళ్లి చెబుదామంటే ఆవిడ లేదు. మూడో ఏడే అక్కడ జ్వరం వచ్చి పోయింది.