మా అవ్వకు రాని చేపల కుప్ప

నిన్న పొద్దున మంచిర్యాల బస్సులో టికెట్లు కొడుతున్నాను. ఫోన్ టింగుమంది. మా ఊరి వాట్సాప్ గ్రూప్.

చూస్తే మా అవ్వ ఫొటో. మా దిక్కు అమ్మను అవ్వ అనే పిలుస్తాం. చుట్టూ పూలదండ. కింద "కన్నీటి నివాళి".

నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. మా అవ్వ పోయిందని ఆ ఫొటో చూసి తెలుసుకున్నాను. టికెట్ మిషన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందు సీట్లో ముసలమ్మ "ఏమాయె బిడ్డా, చిల్లర లేదా?" అని అడుగుతోంది.

చేపల గంప ఎత్తబోతూ వాకిట్లోనే కూలబడిందట. గుండెపోటు. పక్కింటివాళ్లు వచ్చేసరికే ప్రాణం లేదు.

ఆ ఫొటో ఇంకోసారి చూశాను. మా అవ్వ మొహం బొటనవేలి గోరంత. పక్కన చేతులు జోడించి మా ఊరి చేపల సొసైటీ అధ్యక్షుడు, ఆమెకు నాలుగింతలు. "మత్స్యకారుల ముద్దుబిడ్డ రాజవ్వ" అని రాయించాడు.

ముద్దుబిడ్డ!

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. ఆ ముద్దు ఎలాంటిదో నేను చెప్తాను, వినండి.

మా చెరువు పద్ధతి మీలో చాలామందికి తెలియదు. ఎండాకాలం నీళ్లు తగ్గాక సొసైటీ మెంబర్లంతా కలిసి వల లాగుతారు. పట్టిన చేపలను కట్ట మీద కుప్పలు పోస్తారు. మెంబర్‌కు ఒక కుప్ప. ఏ కుప్ప ఎవరిదన్న తగాదా రాకుండా ఒక్కొక్కరూ ఒక్కో గుర్తు ఇస్తారు. బీడీ కట్ట, తాళంచెవి, చెప్పు, ఏదైనా సరే. ఒక చిన్నపిల్లను పిలిచి వాటిని కుప్పల మీద పెట్టమంటారు. ఏ గుర్తు ఎవరిదో పిల్లకు తెలియదు కాబట్టి మోసం ఉండదని.

మా బాపు, అంటే నాన్న, కామెర్లతో పోయినప్పుడు నేను ఐదో తరగతి. ఆ ఎండాకాలం, వల లాగే ముందు రోజు, అవ్వ నన్ను వెంటబెట్టుకుని సొసైటీకి వెళ్లింది. బాపు పేరు తీసి తన పేరు రాయమంది.

"కొడుకు లేకపాయె. ఆడిదానివి, వల గుంజుతవా?" అన్నాడు అధ్యక్షుడు. అప్పుడూ ఆయనే, ఇప్పుడూ ఆయనే.

"ఎందుకు గుంజ? రేపే వస్త."

అందరూ నవ్వారు. నవ్వుతూనే "సరే, రా. గుంజినోళ్లకు వాటా ఉంటది" అన్నారు.

మా పిచ్చి అవ్వ ఆ మాట నమ్మింది.

మర్నాడు తెల్లవారకముందే చెరువుకు పోయాం. అవ్వ చీర గోచీ పోసి కట్టి నీళ్లలో దిగింది. నన్ను థర్మకోల్ తెప్ప మీద కూర్చోబెట్టి, వల అంచు తాడు నా చేతికిచ్చింది.

"బిర్రుగ పట్టకు. జర ఇడిసి పట్టు. చాప తాకితే నీ చేతికే ఎరుకైతది."

కాసేపటికి తాడు దడదడలాడింది. నేను కేక పెట్టాను. ఒక పెద్ద బొచ్చె చేప వల దాటి ఎగిరి, పక్కనున్నాయన మూతి మీద తోకతో ఒక్కటిచ్చింది. అవ్వ దాన్ని రెండు చేతులా ఒడిసి పట్టుకుని గుండెకు అదుముకుంది.

"దొరికినవా బిడ్డా! యాడికి పోతవ్?"

పడీ పడీ నవ్వింది. బాపు పోయాక ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు. ఆ నీళ్లలో ఉన్నంతసేపు బాపు లేడన్న సంగతే నాకు గుర్తు రాలేదు. నా చిన్నతనంలో అంత మంచి పూట ఇంకొకటి లేదు. అందుకే ఆ తర్వాత జరిగినదాన్ని నేను క్షమించలేను.

మధ్యాహ్నం కుప్పలు పోశారు. గుర్తులు పెట్టడానికి నన్నే పిలిచారు. మెంబర్లంతా తువ్వాలలో గుర్తులు వేస్తుంటే, అవ్వ జాకెట్‌కున్న పిన్నీసు తీసి వేసింది. అధ్యక్షుడు దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నీది లేదు పో."

"పొద్దటిసంది గుంజితి గదా అన్నా."

"పరాచికానికన్న మాట పట్టుకుంటవా?"

మా బాపు సొంత అన్న అక్కడే ఉన్నాడు. బీడీ ముట్టించుకుని చెరువు వైపు తిరిగాడు.

నేను గుర్తులు పెట్టాను. ఏం చేయాలో తెలియని వయసు. మా ఇంటికి తప్ప అందరికీ నా చేత్తోనే చేపలు పంచాను.

చివరకు అధ్యక్షుడు రెండు చిన్న జెల్ల చేపలు తీసి "కూరకు తీస్కపో" అని అవ్వ ముందు పడేశాడు. అవ్వ వంగి తీసుకుంది. ఇంట్లో వేరే కూర లేదు.

నేను ముట్టనని ఏడ్చాను. "తిను బిడ్డా. గివి వాళ్లిచ్చినవి కావు, మనం పట్టినయే" అని ముల్లు తీసి తినిపించింది.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం వెళ్లి అడిగింది. ప్రతిసారీ "సూద్దాం" అన్నారు. మా చెరువు చేపలనే వాళ్ల దగ్గర కిలోల లెక్కన కొని, చెన్నూరు బజారులో కూర్చుని అమ్మింది. నిన్నటిదాకా.

నిన్న సాయంత్రం అవ్వను మట్టి చేసి వచ్చాక అధ్యక్షుడు ఇంటికొచ్చాడు. మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఫికర్ చెయ్యకు అల్లుడా. సొసైటీల నీ పేరు రాస్తం. రాజవ్వ ఆత్మ శాంతిస్తది."

మా ఆయనది నిర్మల్. బొమ్మలకు రంగులేస్తాడు. మోకాలి లోతు నీళ్లంటేనే భయం. ఆయనకు మాత్రం అడగకుండానే మెంబర్‌షిప్!

"మా అవ్వ అడిగింది ఆమె పేరు. ఇస్తే గది ఇయ్యుండ్రి" అన్నాను.

"సచ్చినోళ్ల పేరు ఎట్ల రాస్తం బిడ్డా?"

"బతికున్నప్పుడు ఎందుకు రాయలే?"

మా ఆయన "నాకొద్దు" అని భుజం మీది చెయ్యి తీసేశాడు. వచ్చినవాళ్లంతా ఛాయ్ తాగి వెళ్లిపోయారు.

ఈ పోస్ట్ గ్రూప్‌లో కూడా పెడుతున్నాను. డిలీట్ చేసుకుంటే చేసుకోండి.

అవ్వా, హాయిగా నిద్రపొమ్మని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. నువ్వు పోయిన చోటైనా, పొద్దంతా కష్టపడ్డవాళ్లను పేరు పెట్టి పిలిచి వాటా చేతికివ్వాలి.

పోయి రా. నీకు శాంతి అంటే అదే.