కొత్త కాయిల్ మీద చేసిన ప్రమాణం

ముప్పై ఏళ్లుగా ఈ మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్తున్నాను. నా తప్పు దాచుకోవడానికి ఓబులేసు అనే మనిషిని దొంగను చేశాను.

అప్పట్లో బద్వేలులో ట్రాక్టర్లు బాగుచేసే షాపు కొత్తగా పెట్టుకున్నాను. దగ్గరి పల్లెలో ఒక ఆసామికి పాతకాలం ట్రాక్టరు ఉండేది. పెట్రోలుతో స్టార్టు చేసి, కిరసనాయిలుతో నడిపే రకం. డీజిల్ బండ్లకు ఉండని ఇగ్నిషన్ కాయిల్ దానికి ఉంటుంది. బ్యాటరీ ఇచ్చే పన్నెండు వోల్టులను అది వేల వోల్టులకు పెంచి ప్లగ్గుకు పంపితేనే నిప్పురవ్వ పుడుతుంది. పాతది కాలిపోతే నేను కొత్తది బిగించాను. ఆ రకం కాయిల్‌కు బ్యాటరీ కరెంటు నేరుగా ఇవ్వకూడదు. మధ్యలో రెసిస్టర్ పెట్టి తగ్గించి ఇవ్వాలి. నేను పెట్టలేదు. తెలియక పెట్టలేదు. ఇక్కడిదాకా అది పొరపాటే.

ఆ ట్రాక్టరు డ్రైవరు ఓబులేసు. గంటసేపు దున్నగానే బండి దగ్గి దగ్గి ఆగిపోయేది, చల్లారాక మళ్లీ లేచేది. కిరసనాయిలులో నీళ్లు కలిసినా ఇంజను అలాగే దగ్గుతుంది. ఓబులేసు నూనె అమ్ముకుని నీళ్లు పోస్తున్నాడని ఆసామికి అనుమానం వచ్చింది. నన్ను చేనికి పిలిపించాడు. పోయి కాయిల్ మీద చెయ్యి వేశాను. చుర్రుమని కాలింది. రెసిస్టర్ లేక కాయిల్ వేడెక్కి బండి ఆగుతోందని అప్పుడే అర్థమైంది.

చెప్పి ఉండొచ్చు కదా? షాపు పెట్టి ఏడాది కూడా కాలేదు, పని రానివాడంటారని భయపడ్డాను. భయమేనా, పొగరు కూడానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మా వైపు తగాదా తేలకపోతే వెలుగుతున్న కర్పూరాన్ని చేత్తో ఆర్పించి ప్రమాణం చేయిస్తారు. ఆసామి ఓబులేసును ఆర్పమన్నాడు. అతను నా వైపు చూశాడు.

“నేను ఆర్పితే మీరు నమ్మరు సామీ. మెకానిక్ అన్నను ఆర్పమనండి. కాయిల్‌లో తప్పు ల్యాదని ఆయప్ప అంటే, నేను నోరెత్తకుండా పోతా. ఆయప్ప అబద్ధమాడే మనిషి కాదు.”

“నేను వేసింది కొత్త కాయిలే” అని కర్పూరం ఆర్పాను.

కొత్తదే. ఆ మాట నిజమే. నిజం చెప్పి మోసం చేసే తెలివి ఆ క్షణంలో నాకు యాడ నుంచి వచ్చిందో! ఓబులేసు సీటు మీది తువ్వాలు తీసుకుని, అన్నట్టుగానే నోరెత్తకుండా వెళ్లిపోయాడు.

వారం తర్వాత సర్వీసింగ్ అని వెళ్లి గుట్టుగా రెసిస్టర్ పెట్టాను. కొత్త డ్రైవరు చేతిలో బండి ఆగకుండా దున్నింది. దాంతో ఓబులేసు దొంగేనని ఊరంతా ఖాయం చేసుకుంది. ఆ తర్వాత ఎవరూ అతనికి స్టీరింగ్ ఇవ్వలేదు. బండల గనిలో రాళ్లు మోయడానికి పోయాడు.

పోయిన నెల రాయచోటి బస్టాండులో అతనే నన్ను గుర్తుపట్టి పలకరించాడు. వద్దన్నా వినకుండా టీ ఇప్పించాడు. నా మీద కోపం ఏ కోశానా లేదు. తిట్టినా బాగుండేది.

“నువ్వు కర్పూరం ఆర్పినావంటే కాయిల్‌ది తప్పు ఉండదు అన్నా” అన్నాడు. “కిరసనాయిలు తెచ్చేది మా తమ్ముడు గదా. వాడే నీళ్లు కలిపినాడు. ఆ పొద్దే వాన్ని కొట్టి ఇంట్లోంచి తరిమినా. ఈ పొద్దుటికీ మాటల్లేవు.”

నా బస్సు వచ్చింది. ఎక్కేశాను. అప్పుడైనా చెప్పలేకపోయానే, ఛీ, ఏం మనిషిని నేను!

కిరసనాయిలులో నీళ్లు ఎవరూ కలపలేదు. ఓబులేసు కలపలేదు, అతని తమ్ముడూ కలపలేదు. తప్పు నాది. ఈ మాట రాశాక, ఇన్నేళ్లకు ఊపిరి కాస్త ఆడుతోంది. నాకైతే ఆడుతోంది. ఆ అన్నదమ్ములు మాత్రం ఇంకా మాట్లాడుకోవడం లేదు.